రెగ్యులర్ అన్న మాట, సుగుణ గారి బండి

1981 సెప్టెంబరులో నన్ను మిషిగన్‌లోని హెడ్ ఆఫీసు నుంచి న్యూజెర్సీలో ఉన్న టెస్ట్ లాబ్‌కు బదిలీ చేశారు. హోదా సీనియర్ టెస్ట్ ఇంజనీర్. నా కింద ఇద్దరు టెక్నీషియన్లు, నా పైన హ్యారల్డ్ అనే మేనేజరు. నేను పనిచేసింది ఒక కార్ల కంపెనీలో. దాని పేరు చెప్పను. పెన్షన్ ఇప్పటికీ వాళ్లే ఇస్తున్నారు కాబట్టి ఆ మాత్రం మర్యాద పాటించాలి.

మా లాబ్ పని, అమ్మేసిన కార్లను మళ్లీ అడిగి తెచ్చుకుని పరీక్షించడం. కొత్త కారు ఫ్యాక్టరీలో పొగ పరీక్ష పాసవడం పెద్ద విశేషం కాదు. పెళ్లిచూపుల రోజున అందరూ బుద్ధిగానే కూర్చుంటారు. రెండు మూడేళ్లు జనం చేతిలో తిరిగి, ఎండకు ఎండి మంచుకు తడిసిన తర్వాత కూడా ఆ పొగ చట్టం గీసిన గీత లోపలే ఉందా అన్నది ఫెడరల్ ప్రభుత్వం అడిగే ప్రశ్న. ప్రభుత్వం తనంతట తాను కొన్ని కార్లు తెప్పించి పరీక్షించేది. తప్పు దొరికితే ఆ రకం కార్లన్నీ వెనక్కి పిలిచి బాగుచేయమనేది. దాన్నే రీకాల్ అంటారు. ఆ గండం రాకముందే మన లోపం మనమే తెలుసుకుందామని మా కంపెనీ సొంతంగా ఈ కార్యక్రమం నడిపేది.

ఇందులో చిక్కేమిటంటే కారు మాది కాదు. రిజిస్ట్రేషన్లలోంచి పేర్లు తీసి, ఉత్తరాలు రాసి, ఫోన్లు చేసి, మీ కారు ఓ పది రోజులు మాకివ్వండి, అన్నాళ్లూ మా కారు వాడుకోండి అని అడగాలి. అమెరికాలో మనిషిని కారు అడగడమంటే కాళ్లకున్న చెప్పులు అడిగినట్టే. చాలామంది మాట పూర్తికాకముందే ఫోన్ పెట్టేసేవాళ్లు. కొందరు ఏదో మోసమని తిట్టేవాళ్లు కూడా. నాకు తిట్లు అలవాటైపోయాయి కానీ ఫోన్ టక్కున పెట్టేస్తే మాత్రం ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

తెచ్చే కారుకు రెండు షరతులు. ఒకటి, ఉన్నది ఉన్నట్టుగా రావాలి. పరీక్షకు ముందు ఏ మెకానిక్కూ దాన్ని ముట్టుకోకూడదు. రెండు, యజమాని చేతులారా పాడుచేసిన కారు కాకూడదు. మా లోపాలు తెలుసుకోవడానికి పరీక్ష పెట్టుకుని, వాళ్ల తప్పులు లెక్కలో కలుపుకుంటే ఏం లాభం? ఈ రెండో షరతులో అన్నిటికంటే పెద్ద తలనొప్పి సీసం.

ఆ రోజుల్లో పెట్రోలు బంకుల్లో సీసం కలిపిన పెట్రోలు, కలపని పెట్రోలు రెండూ అమ్మేవాళ్లు. కలిపినదాని పేరు 'రెగ్యులర్', కలపనిదాని పేరు 'అన్‌లెడెడ్'. కొత్త కార్ల అడుగున పొగను శుభ్రపరిచే క్యాటలిటిక్ కన్వర్టర్ అనే డబ్బా ఉండేది. సీసం దానికి విషం. రెగ్యులర్ పోస్తూ పోతే ఆ కన్వర్టర్ చచ్చి ఊరుకుంటుంది. అందుకని పెట్రోలు పోసే గొట్టం మూతి దగ్గర సన్నటి రేకు బిగించి, కాస్త లావుగా ఉండే రెగ్యులర్ నాజిల్ లోపలికి దూరకుండా చేశారు. అయినా అది కాస్త చవక కదా, గరాటా పెట్టి పోసేవాళ్లు, ఆ రేకునే ఊడబెరికేవాళ్లు ఉండేవాళ్లు. పోసినట్టు రుజువైతే కన్వర్టర్ మీద కంపెనీ ఇచ్చిన వారంటీ రద్దయినట్టే.

మరుసటి ఏడాది అక్టోబరులో మేము పరీక్షిస్తున్నది నాలుగు సిలిండర్ల స్టేషన్ వాగన్, వెనక సామానుకు చోటుండే పొడవాటి కారు. మిగతా బండ్లన్నీ దొరికాయి, ఇంకొక్కటి కావాలి. వచ్చిన జవాబుల్లో ఒకటి పిస్కాటవే నుంచి. పేరు చూడగానే గుర్తుపట్టాను. నెలకోసారి ఒక అమెరికన్ చర్చి బేస్‌మెంట్‌లో మా తెలుగువాళ్ల ఆరాధన జరిగేది. అక్కడికి కారు లేని కుటుంబాలను తన వాగన్‌లో కుక్కి తీసుకొచ్చే సుగుణ గారి బండి అది. ఆవిడది బాపట్ల వైపు. హాస్పిటల్లో నర్సు. భర్త రత్నరాజు ఫార్మసిస్టు లైసెన్సు పరీక్షకు చదువుకుంటున్నాడు.

ఆ ఆరాధనలో నన్ను అందరూ కార్ల కంపెనీ బ్రదర్ అనేవాళ్లు. ఆమెన్ అనడం ఆలస్యం, ఎవరో ఒకరు పార్కింగ్‌లోకి లాక్కెళ్లి, మా బండి కుయ్యిమంటోంది బ్రదర్, ఒక్కసారి చెవి పెట్టండి అనేవాళ్లు. నేను మెకానిక్‌ని కాదు మహాప్రభో అంటే వినేవాళ్లు కాదు. సుగుణ గారు మాత్రం ఎన్నడూ అలా అడగలేదు. కాబట్టి ఆవిడ బండికి జబ్బుందన్న సంగతి నాకు మా ఆఫీసు ద్వారానే తెలిసింది.

యజమాని ఒప్పుకునేలోపే బండి చరిత్ర కోసం డీలరును సంప్రదించడం మా పద్ధతి. హ్యారల్డ్ ఫోన్ చేశాడు. అక్కడి సర్వీసు మనిషి, ఆ బండి జోలికి పోకండి అన్నాడట. పొద్దున పూట ఆగిపోతోందని ఆవిడ ఎన్నోసార్లు తెచ్చిందట. ఏ పెట్రోలు పోస్తారని అడిగితే 'రెగ్యులర్' అని తన నోటితోనే ఒప్పుకుందట. అందుకే వారంటీ కింద చేయం పొమ్మన్నారట. ఇది విని హ్యారల్డ్ ఆ పేరు కొట్టేసి తర్వాతి పేరు చూడమన్నాడు.

నేను కొట్టేయనన్నాను. సీసం వాడారో లేదో తేల్చడానికి మా నియమావళిలో మూడు పరీక్షలున్నాయి. గొట్టం మూతి కొలవాలి, ట్యాంకులోని పెట్రోలు శాంపిల్ చూడాలి, పొగగొట్టం లోపల సీసాన్ని పట్టిచ్చే కాగితం అద్దాలి. ఆవిడ అందని ఇతను అన్నాడని ఇంకొకతను అనడం ఈ మూడింట్లో ఎక్కడా లేదు. అదే చెప్పాను. హ్యారల్డ్ చెడ్డవాడు కాదు, పని త్వరగా తెమలాలనుకునే మనిషి. సరే, నీ భాష మనిషే కదా, వెళ్లి కనుక్కో, బతిమాలడం మాత్రం వద్దు అన్నాడు.

మర్నాడు సాయంత్రం వాళ్ల అపార్ట్‌మెంట్‌కి వెళ్లాను. తలుపు తీసింది సుగుణ గారే. డ్యూటీ నుంచి అప్పుడే వచ్చినట్టున్నారు, ఇంకా తెల్ల యూనిఫాంలోనే ఉన్నారు.

"వందనాలు బ్రదర్. రండి, కూర్చోండి. చర్చి పని మీద వచ్చారా, కంపెనీ పని మీద వచ్చారా?"

కంపెనీ పని మీదేనన్నాను.

"అయితే కాఫీ తర్వాత ఇస్తాను. ముందు విషయం చెప్పండి."

ముందు మీ బండి సంగతి చెప్పండి అన్నాను. ఆవిడ గుక్క తిప్పుకోకుండా చెప్పుకొచ్చారు.

"స్టార్ట్ అవుతుంది బ్రదర్. రోడ్డెక్కి సిగ్నల్ దగ్గరికి వెళ్లేసరికి ఠపీమని ఆగిపోతుంది. మొన్న లెఫ్ట్ టర్న్ మధ్యలో ఆగింది. ఎదురుగా ట్రక్కు. వాడు హారన్ కొడుతూనే ఉన్నాడు, నేను ఏసయ్యా ఏసయ్యా అంటూ కీ తిప్పుతూనే ఉన్నాను. పొద్దుటి షిఫ్ట్‌కి రోజూ లేటే. హెడ్ నర్స్ వార్నింగ్ ఇచ్చేసింది, ఇంకోసారయితే ఊరుకోనంది. ఈ ఇంట్లో ఇప్పుడు జీతమంటూ వచ్చేది నాదొక్కటే. డీలర్ దగ్గరికెళితే, తప్పుడు పెట్రోలు పోసి నువ్వే చెడగొట్టావు పొమ్మన్నాడు. నేనేం చెడగొట్టానండీ?"

"మీరేం పెట్రోలు పోయిస్తారు?"

"రెగ్యులర్."

ఎప్పటి నుంచి అని అడిగాను.

"కొన్నప్పటి నుంచీ. రెగ్యులర్‌గానే పోయిస్తాను బ్రదర్. ట్యాంకు ఏనాడూ ఖాళీ అవనివ్వలేదు."

ఆ 'గానే' వినగానే నా చెవులు నిక్కబొడుచుకున్నాయి. అది కాదండీ, బంకులో ఏమని అడుగుతారు అన్నాను.

"ఏమని అడుగుతాను? కిటికీ దించి 'ఫిల్ ఇట్, రెగ్యులర్' అంటాను. వాడు పోస్తాడు."

"రెగ్యులర్ అంటే ఏమిటని మీ ఉద్దేశం?"

"అదేం ప్రశ్న? రెగ్యులర్ అంటే మామూలుది. ఎప్పుడూ పోసేది. క్లినిక్‌కి ఎప్పుడూ వచ్చే పేషెంట్‌ని రెగ్యులర్ అనమూ?"

లోపలి గదిలోంచి రత్నరాజు పుస్తకం చేత్తో పట్టుకునే వచ్చాడు. "అన్‌లెడెడ్ అనాలని నేను అప్పుడే చెప్పాను," అన్నాడు. "చెప్పలేదు," అన్నారావిడ. "చెప్పాను." "ఎప్పుడు?" ఆయన పుస్తకంలో పేజీ తిప్పాడు.

నాకు నవ్వూ వచ్చింది, భయమూ వేసింది. రెగ్యులర్ అన్నది మనవాళ్ల నోట ఎప్పుడో తెలుగు మాటైపోయింది. రెగ్యులర్‌గా వాకింగ్ చేస్తాడు, రెగ్యులర్‌గా చర్చికి వస్తుంది అంటాం. ఆవిడ పలికింది ఆ తెలుగు మాట. డీలరు మనిషి విన్నది బంకులో బోర్డు మీదుండే ఇంగ్లీషు మాట. ఇద్దరూ నిజమే చెప్పారు. అయితే అసలు బండిలో పడ్డది ఏది? న్యూజెర్సీలో పెట్రోలు ఎవరికి వాళ్లు పోసుకోకూడదు, బంకులో పనివాడే పోయాలని అప్పటికే చట్టం ఉంది. అంచేత ఆవిడ ఏనాడూ కారు దిగి పంపు వంక చూడలేదు. ఆ పనివాడు బండిని చూసి అన్‌లెడెడ్ పోశాడా, ఆవిడ మాట పట్టుకుని రెగ్యులర్ నాజిల్‌నే మూతికి ఆనించి మెల్లగా పోశాడా, ఆవిడకూ తెలీదు, నాకూ తెలీదు.

ఇదంతా వాళ్లకు విడమరిచి చెప్పాను. రత్నరాజు వెంటనే అందుకున్నాడు. "చూశావా? అందుకే ఇవ్వొద్దంటున్నాను. ఇప్పుడు డీలర్ దగ్గర ఉన్నది ఒట్టి మాట. ప్రూఫ్ లేదు. బండి ఇచ్చామనుకో, వీళ్లు ప్రూఫ్ కూడా తయారుచేసుకుంటారు. ఎడిసన్‌లో మనకు తెలిసిన మెకానిక్ ఉన్నాడు, వాడి దగ్గర చేయించేసుకుందాం. ఏమనుకోకండి బ్రదర్."

నేనేమీ అనుకోలేదు. ఆయన చెప్పింది అక్షరాలా నిజం. యజమానులకు ఫోన్లో చదివి వినిపించడానికి మా కంపెనీ కొన్ని వాక్యాలు రాసి ఇచ్చింది. వాటిలో 'ఈ పరీక్ష వల్ల మీకు ఎలాంటి నష్టమూ లేదు' అనేది ఒకటి. అక్కడ కూర్చుని, ఆవిడ మొహం చూస్తూ ఆ వాక్యం చెప్పడానికి నాకు నోరు రాలేదు. కుండబద్దలు కొట్టినట్టు అంతా చెప్పేశాను. సీసం ఉందని తేలితే బండి అలాగే తిప్పి పంపుతారు. ఆ ఫలితం కంపెనీ దగ్గర ఉండిపోతుంది, ఇక వారంటీ మీద ఆశ వదులుకోవాల్సిందే. సీసం లేదని తేలితే బండి పరీక్షకు వెళుతుంది. కంపెనీ భాగంలో లోపం కనబడితే మార్చి ఇస్తారు. కనబడకపోతే నేను చేయగలిగింది ఏమీ లేదు. ఎడిసన్ మెకానిక్ దగ్గరికి వెళితే మాకు ఆ బండి పనికిరాదు, అయినా ఆ హక్కు పూర్తిగా మీదే అన్నాను.

ఆ సీసం ఉందో లేదో ఎలా చూస్తారని సుగుణ గారు అడిగారు. చిన్న కాగితం ముక్క, డిస్టిల్డ్ వాటర్‌తో తడిపి పొగగొట్టం లోపలి గోడకు అదిమిపెడతాం, సీసం ఉంటే గులాబీ రంగు తేలుతుంది అన్నాను.

"డిప్‌స్టిక్ లాంటిదేగా. యూరిన్‌లో షుగర్ చూడ్డానికి నేను రోజూ చేసేదే అది. రంగు ఎవరు చూస్తారు?"

"మా టెక్నీషియన్."

"మీ కంపెనీ మనిషి. ఊఁ. నేను చూస్తాను. నా కళ్ల ముందు చేస్తే బండి ఇస్తాను. లేకపోతే లేదు."

"పింక్ వస్తే ఏం చేస్తావు?" అన్నాడు రత్నరాజు.

"వస్తే తప్పు నాదేనని తెలుస్తుంది. ఎవడో అన్న మాటకి తల దించుకుని ఎన్నాళ్లు తిరగమంటావు? తాడో పేడో తేలిపోవాలి." ఆ మాట అని లేచి కాఫీ పెట్టడానికి వెళ్లారు.

మర్నాడు ఆవిడ షరతు చెబితే హ్యారల్డ్ ససేమిరా అన్నాడు. యజమానులు లాబ్‌లోకి రావడమేమిటి, ఇన్సూరెన్స్ వాళ్లు ఒప్పుకోరు, రేపు ఇంకొకాయన వచ్చి, బండి కదలకుండా చక్రాలు మాత్రం తిరిగే ఆ రోలర్ల మీద బండి నేనే నడుపుతానంటే ఏం చేస్తాం అన్నాడు. నేను నియమావళి మొదటి అట్ట నుంచి చివరి అట్ట దాకా చదివాను. యజమాని చూడకూడదని ఎక్కడా లేదు. సందర్శకుల గురించి మాత్రం ఒక పేరా ఉంది. రక్షణ కళ్లద్దాలు పెట్టుకోవాలి, ఇంజనీరు వెంట ఉండాలి. ఆ ఇంజనీరు నేనేనన్నాను.

అప్పుడు హ్యారల్డ్, మీ చర్చి మనిషి కాకపోతే ఇంత పట్టుబట్టేవాడివా అని అడిగాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ మంటలోనే చెప్పాను. మనం ఒట్టి మాట మీద ఈ బండిని పక్కన పెట్టేస్తాం. రేపు ప్రభుత్వం ఇదే బండిని ఎంచుకుని, సీసం లేదని తేల్చి, ఎందుకు వదిలేశారని అడిగితే జవాబు చెప్పేది నువ్వా, డీలరా? ఆ ప్రశ్న హ్యారల్డ్‌కి తగిలింది. సరే, గులాబీ రంగు వస్తే ఆ పేరు నీ చేత్తోనే కొట్టేయాలి అన్నాడు. కొట్టేస్తానన్నాను.

సుగుణ గారు డ్యూటీ అవగానే నేరుగా లాబ్‌కి వచ్చారు. బండి ఆవిడే తోలుకొచ్చారు, తాళాలు మాత్రం ఎవరికీ ఇవ్వలేదు. పెద్ద ప్లాస్టిక్ కళ్లద్దాలు పెట్టుకుని, తాళాలు గుప్పెట్లో బిగించి నిలబడ్డారు. మా టెక్నీషియన్ ఎడ్డీ ముందు పెట్రోలు గొట్టం మూతిలో కొలత కడ్డీ పెట్టి చూశాడు. రేకు చెక్కుచెదరలేదు. ట్యాంకులోంచి కాస్త పెట్రోలు సీసాలోకి తీశాడు, దాని ఫలితం వారం తర్వాత వస్తుంది. ఆ తర్వాత పొగగొట్టంలో మసి తుడవడానికి బల్ల మీదున్న గుడ్డ తీసుకుని వంగాడు.

"ఆగు," అన్నారావిడ ఇంగ్లీషులో. ఆ గుడ్డతో ఇంతకుముందు ఏం తుడిచావని అడిగారు. పొద్దున ఇంకో బండి తుడిచానన్నాడు ఎడ్డీ. ఆ బండిలో సీసం ఉంటే అది నా బండికి అంటదా అన్నారు. ఎడ్డీ నా మొహం చూశాడు. కొత్త గుడ్డల ప్యాకెట్ తెమ్మని సైగ చేశాను. చేతులు కూడా కడుక్కుని రా అన్నారావిడ. పాపం, కడుక్కునే వచ్చాడు.

కొత్త గుడ్డతో తుడిచి, తడి కాగితాన్ని గొట్టంలోకి పెట్టి బొటనవేలితో అదిమి పట్టుకున్నాడు. అప్పటికి అలాంటి కాగితాలు ఎన్నో చూశాను, వాటిలో గులాబీవి కూడా బోలెడు. ఈ కాగితం మాత్రం వేరు. గులాబీ రంగు వస్తే ఈవిడ రేపు పొద్దున కూడా అదే బండిలో, అదే సిగ్నల్ దగ్గర, అదే లెఫ్ట్ టర్న్ తిరగాలి. రుజువు వెతికిపెట్టినవాణ్ని నేనవుతాను.

ఎడ్డీ కాగితం బయటికి తీశాడు. సుగుణ గారు పట్టకారుతో అందుకుని కిటికీ దగ్గరికి వెళ్లి, వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూశారు. బూడిదరంగు మసి మరక ఉంది. గులాబీ ఛాయ ఎక్కడా లేదు. నేను ఊపిరి వదిలేలోపే, గొట్టంలో ఇంకో వైపు కూడా చేయమన్నారు. మళ్లీ చేశాడు. మళ్లీ అదే మసి, అదే తెలుపు.

"పింక్ లేదు," అన్నారు తెలుగులో, నాతో. ఆ తర్వాత గుప్పెట విప్పి తాళాలు నా చేతిలో పెట్టారు. బండి ఇవ్వాలా వద్దా అన్న నిర్ణయం అక్కడ, ఆ క్షణాన జరిగింది. ఉత్తరానికి జవాబిచ్చిన రోజున జరిగిందని మా ఆఫీసు వాళ్లు అనుకుని ఉంటారు.

తర్వాత జరిగింది మామూలు పద్ధతే. బండిలోని పెట్రోలు తీసేసి పరీక్ష పెట్రోలు పోశాం. ఒకసారి రోలర్ల మీద నడిపి, రాత్రంతా ఒకే ఉష్ణోగ్రత ఉన్న గదిలో కదపకుండా ఉంచాం. మా భాషలో దాన్ని 'సోక్' అంటారు. నేను మాత్రం ఇడ్లీకి పప్పు నానబెట్టడం అనేవాణ్ని, ఎడ్డీకి ఆ ఇడ్లీ ఏమిటో చివరిదాకా అర్థం కాలేదు. మర్నాడు ఇంజను స్టార్ట్ చేయకుండా, చేతులతో తోసి బండిని రోలర్ల మీదికి ఎక్కించాం. చల్లటి ఇంజను స్టార్ట్ అయిన మొదటి క్షణం నుంచి వచ్చే పొగనంతా సంచుల్లో పట్టాం. ఎడ్డీ బండి తోలుతుండగా, మొదట్లోనే అది రెండుసార్లు ఆగిపోయింది. సుగుణ గారు చెప్పినట్టే ఠపీమని. సంచుల్లోని పొగను కొలిస్తే కార్బన్ మోనాక్సైడ్ గీత దాటి చాలా పైకి పోయింది.

కారణం చోక్. చల్లటి ఇంజనుకు గాలి తగ్గించి పెట్రోలు పాలు పెంచే మూత అది. ఇంజను వేడెక్కే కొద్దీ తెరుచుకోవాలి. ఈ బండిలో దాన్ని లాగే చిన్న భాగం బిగుసుకుపోయి, మూత తెరుచుకోవడం లేదు. ఇంజను పెట్రోలుతో ఉక్కిరిబిక్కిరై ఆగిపోతోంది. ఆ భాగం తయారైంది మా కంపెనీ సరఫరాదారు దగ్గర. పోసే పెట్రోలుకూ దానికీ ఏ సంబంధమూ లేదు.

ఇంత జరిగాక కూడా హ్యారల్డ్ ఆ బండిని లెక్కలోంచి తప్పించాలని చూశాడు. యజమాని ఒప్పుకుందని డీలరు దగ్గర ఉంది కదా, అనుమానం ఉన్న బండి మనకెందుకు అన్నాడు. అతని బాధ నాకు తెలుసు, ఫెయిలైన బండి ఒకటి తగ్గితే మొత్తం ఫలితం బాగుంటుంది. గొట్టం మూతి కొలతా, సీసం కాగితాలు రెండూ, అప్పటికి వచ్చిన పెట్రోలు శాంపిల్ ఫలితమూ అతని బల్ల మీద పెట్టి, ఇవి కాదని డీలరు మాటే నిజమని సంతకం పెడతావా అని అడిగాను. చాలాసేపు కుర్చీ అటూ ఇటూ తిప్పాడు. చివరికి ఉంచు అన్నాడు. ఆ తర్వాత మిగతా బండ్లు కూడా విప్పి చూస్తే మరి కొన్నింటిలో కూడా అదే భాగం బిగుసుకుపోవడం మొదలైనట్టు తేలింది. ఆ రకం వాగన్లన్నిటికీ కంపెనీ ఆ భాగం మార్చింది. దానికి ఏడాది పైనే పట్టింది.

సుగుణ గారి బండికి మాత్రం చోక్ అప్పుడే మార్చించి, తీసుకెళ్లమని కబురు పెట్టాను. ఆవిడ వచ్చి మా ఆవరణలో ఒక చుట్టు తిప్పి చూసుకున్నారు. బంకు పనివాణ్ని కూడా ఈలోగా నిలదీశారట. అమ్మా, మీరేమంటారో నేనెప్పుడూ వినలేదు, పెద్ద నాజిల్ మీ బండికి పట్టదు, అందుకే చిన్నదాంతో పోస్తాను అన్నాడట. ఆవిడ అది చెప్పగానే ఇద్దరం కడుపుబ్బ నవ్వుకున్నాం. ఇక థాంక్స్ చెబుతారేమో, పరవాలేదండీ అందామని సిద్ధంగా ఉన్నాను.

"బ్రదర్, ఒక్క మాట అడుగుతాను. నేను నర్సుని కాబట్టి నా ముందు చేయమని అడిగాను. నేను అడిగాను కాబట్టి మీరు చూపించారు. అడగడం తెలీనివాళ్లకి మీ మనిషి పింక్ అంటే పింకేగా?"

అవునన్నాను. ఆవిడ తలూపి, షిఫ్ట్‌కి టైమైందని వెళ్లిపోయారు. బండి గేటు దగ్గర ఆగి, సిగ్నల్ వేసి, ఎడమకి తిరిగి వెళ్లింది.

ఆ శీతాకాలమంతా నేను ఆ ప్రశ్నకు జవాబు తయారు చేయడం మీదే కూర్చున్నాను. ఫోన్ మాటల్లోంచి 'ఎలాంటి నష్టమూ లేదు' అన్న వాక్యం తీసేయించి, సీసం దొరికితే ఏం జరుగుతుందో ముందే చెప్పాలని రాయించాను. రెగ్యులరా, అన్‌లెడెడా అని అడగడం మానేసి, పెట్రోలు ఎవరు పోస్తారు, మీరు పంపు చూస్తారా అని అడగమన్నాను. కాగితం అద్దేటప్పుడు యజమానిని రమ్మని పిలవాలని, ప్రతి బండికీ కొత్త గుడ్డ వాడాలని నియమావళిలో చేర్పించాను. హ్యారల్డ్ ఒక్కోదానికీ అడ్డం తగిలాడు. నేను ఒక్కోదానికీ మళ్లీ వెళ్లాను. వసంతం వచ్చేసరికి అన్నిటికీ సంతకం పెట్టాడు, నా మీద విసుగుతోనైనా సరే.

దీనివల్ల మా పని తేలికేమీ కాలేదు. ఉన్నదున్నట్టు చెబితే బండి ఇవ్వం అనేవాళ్లు పెరిగారు, బండ్లు దొరకడం ఆలస్యమైంది, పైవాళ్ల చేత మాటలు పడ్డాను. అయినా రిటైరయ్యేదాకా ఆ పద్ధతి మార్చలేదు. వచ్చిన ప్రతి కొత్త ఇంజనీరుకూ ఒకటే చెప్పేవాణ్ని. మనిషి దగ్గర బండి అడుగుతున్నప్పుడు దానివల్ల అతనికి రాగల నష్టం మనమే ముందు చెప్పాలి, అడిగితే చెబుదామని ఆగకూడదు. గుప్పెట్లో తాళాలు బిగించుకుని, నాకు చూపించు అని అడిగేవాళ్లు ఏ పదిమందిలోనో ఒకరుంటారు. నియమాలు రాయాల్సింది మిగతా తొమ్మిదిమంది కోసం.